యూకేలో డెంటిస్టుగా పనిచేయాలంటే: ఓఆర్ఈకి మొదటి నెల నుంచే ఎలా సిద్ధం కావాలి

బీడీఎస్‌లో అన్ని ఇంటర్నల్స్, అన్ని వైవాలు దాటుకుని వచ్చాం, ఇంకో పరీక్ష రాయలేమా అనే ధైర్యంతోనే చాలామంది యూకే రిజిస్ట్రేషన్ పరీక్ష ఓఆర్ఈ మొదలుపెడతారు. నేనూ అలాగే మొదలుపెట్టాను. ఆరు నెలలు పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నాను. ఆ ఆరు నెలల్లో ఒక్కసారి కూడా మానికిన్ (సాధనకి వాడే బొమ్మ తల) మీద బర్ (పన్ను కోసే మొన) పెట్టలేదు. పేషెంట్‌తో మాట్లాడినట్టు ఇంగ్లీషులో గట్టిగా మాట్లాడి చూసుకోలేదు కూడా. చేతి పని, మాట చూసే రెండో భాగానికి వచ్చాక ఆ లోటు పూడ్చుకోవడానికి నాకు పట్టిన సమయం, ఖర్చు, పడిన టెన్షన్ మీకు వద్దనే ఇది రాస్తున్నాను. నా సలహా ఒక్కటే: చదువు, చేతి పని, మాట, ఈ మూడూ మొదటి నెల నుంచే కలిపి నడిపించండి.

ఓఆర్ఈ అంటే ఓవర్సీస్ రిజిస్ట్రేషన్ ఎగ్జామినేషన్. వేరే దేశాల్లో డెంటిస్ట్రీ చదివినవాళ్ళు యూకేలో ప్రాక్టీస్ చేయాలంటే అక్కడి జనరల్ డెంటల్ కౌన్సిల్‌లో, అంటే జీడీసీలో రిజిస్టర్ కావాలి. అందుకు ఎక్కువమంది వెళ్ళే దారి ఇదే. అంతకుముందున్న ఐక్యూఈ అనే పరీక్ష స్థానంలో 2007లో దీన్ని తెచ్చారు. యూకేలో అప్పుడే డిగ్రీ పూర్తిచేసిన కుర్ర డెంటిస్టుకు ఎంత రావాలో అంతే మీకూ రావాలి, అదే దీని కొలత. స్పెషలిస్టు స్థాయి ఎవరూ అడగరు. కానీ మీ ముందు కూర్చున్న పేషెంట్ మీ చేతుల్లో క్షేమంగా ఉంటారా అన్నది ప్రతి స్టేషన్‌లోనూ (పరీక్షలో ఒక్కో అంచెలోనూ) చూస్తారు. ఎండీఎస్ చేసి, పదేళ్ళ ప్రాక్టీస్ ఉన్నవాళ్ళు కూడా ఇక్కడ తడబడటానికి కారణం అదే. వాళ్ళకి సబ్జెక్టు బాగా తెలుసు, అలవాట్లు మాత్రం వేరు.

ముందు కాగితాలు

చదువు మొదలుపెట్టిన వారంలోనే కాగితాల పని కూడా మొదలుపెట్టండి. చూడటానికి చిన్నగా ఉంటుంది కానీ నెలలు తినేస్తుంది.

డెంటల్ చైర్‌లో మీరు స్వయంగా పేషెంట్లకు చికిత్స చేసిన అనుభవం కనీసం 1,600 గంటలు ఉన్నట్టు చూపించాలి. చదువుకునే రోజుల్లో క్లినిక్‌లో చేసినవి, ఆ తర్వాత ఉద్యోగంలో చేసినవి రెండూ లెక్కలోకి వస్తాయి. పక్కన నిలబడి చూసిన గంటలు రావు. దీనికి కాలేజీ నుంచో, పనిచేసిన చోటు నుంచో సంతకంతో ధ్రువీకరణ కావాలి. పాత క్లినిక్ మూతపడొచ్చు, అప్పటి డీన్ మారిపోవచ్చు. అందుకే ఎక్కడ పనిచేస్తున్నా, మానేసే రోజునే గంటల వివరంతో లెటర్ తీసుకోండి. మీరు రిజిస్టర్ అయి ఉన్న కౌన్సిల్ నుంచి మీ మీద ఫిర్యాదులేవీ లేవని చెప్పే గుడ్ స్టాండింగ్ సర్టిఫికెట్ కూడా కావాలి. దానికి కాలపరిమితి ఉంటుంది కాబట్టి మరీ ముందుగా తెచ్చిపెట్టుకోవద్దు.

మనవాళ్ళకి ఎక్కువగా వచ్చే చిక్కు పేరు దగ్గర. డిగ్రీ మీద ఇంటిపేరు ఒక్క పొడి అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది. పెళ్ళయ్యాక మారిన ఇంటిపేరు ఇంకో కాగితంలో ఉంటుంది. ఇవన్నీ ఒకే మనిషివని చూపించే కాగితం ముందే సిద్ధం చేసుకోండి.

ఇంగ్లీషుకి ఐఈఎల్‌టీఎస్ అకడమిక్‌లో మొత్తం మీద 7.0, నాలుగు విభాగాల్లో దేనిలోనూ 6.5కి తగ్గకుండా రావాలి. స్కోరు రెండేళ్ళే చెల్లుతుంది. డెంటిస్టుల్లో ఎక్కువమందికి రైటింగ్ దగ్గరే దెబ్బ పడుతుంది. రోజుకొక వ్యాసం రాసి పక్కన పెట్టేస్తే లాభం లేదు. వారానికి రెండే రాయండి, వాటిని ఎవరితోనైనా దిద్దించుకుని, అదే వ్యాసం మళ్ళీ రాయండి. ఈ ఇంగ్లీషు తయారీని పరీక్షకి సంబంధం లేని అడ్డంకిగా చూడకండి. రెండో భాగంలో మీ చేతిలో ఉండే అతి ముఖ్యమైన పరికరం ఆ భాషే.

క్యూ, గడియారం

పరీక్ష రెండు భాగాలు, రెండూ లండన్‌లో జరుగుతూ వచ్చాయి. అర్హత తేలినంత మాత్రాన సీటు దొరకదు. 2020లో కోవిడ్ వల్ల ఆగిన పరీక్ష 2022లో మళ్ళీ మొదలయ్యేసరికి వరుస బాగా పెరిగిపోయింది. బుకింగ్ తెరిచిన రోజు సీట్లు చూస్తుండగానే అయిపోతాయి. ఆ రోజు డ్యూటీ పెట్టుకోవద్దు. కార్డుకి విదేశీ చెల్లింపుల అనుమతి, పరిమితి ముందురోజే సరిచూసుకోండి. మొదటి భాగం కంటే రెండో భాగం ఫీజు చాలా రెట్లు ఎక్కువ. దానికి విమానం, బస, మానికిన్ కోర్సు కలిస్తే పెద్ద మొత్తమే అవుతుంది. కాబట్టి మొదటి భాగం పాసయ్యాక డబ్బు చూసుకుందాం అనుకోకుండా ఇప్పటి నుంచే ప్రతి నెలా కొంత పక్కన పెట్టండి. ఉద్యోగం మానేసి చదవమని మాత్రం నేను ఎవరికీ చెప్పను. తేదీ మీ చేతిలో లేని పరీక్ష కోసం జీతం వదులుకుంటే, ఆ ఆందోళనే చదువుని తినేస్తుంది.

ఒక్కో భాగానికి నాలుగు అవకాశాలు ఉంటాయి. మొదటి భాగం మొదటిసారి రాసిన రోజు నుంచి ఐదేళ్ళలోపు రెండో భాగం పాసవ్వాలి. అంటే మీరు తొలిసారి హాల్లో కూర్చున్న రోజే గడియారం మొదలవుతుంది. "ఒకసారి వెళ్ళి చూసొద్దాం, అనుభవం వస్తుంది" అని సిద్ధం కాకుండా వెళ్ళడం ఈ పరీక్షలో చాలా ఖరీదైన పొరపాటు.

ఇంకో దారి కూడా ఉంది. ఇంగ్లండ్ రాయల్ కాలేజ్ ఆఫ్ సర్జన్స్ పెట్టే ఎల్‌డీఎస్ పరీక్ష పాసైనా జీడీసీ రిజిస్ట్రేషన్ వస్తుంది. 1860 నుంచి ఉన్న అర్హత అది. సిలబస్ చాలావరకు ఒకటే కాబట్టి రెండింటి తేదీలూ గమనిస్తూ ఉండండి, ఏది ముందు దొరికితే దానికి వెళ్ళండి.

అక్కడి పద్ధతికి అలవాటు పడటం

తయారీలో నేను అన్నిటికంటే ముందు పెట్టేది ఇదే. మొదటి రెండు వారాలు కొత్త సబ్జెక్టు ఏదీ చదవకండి. భాష మార్చుకోండి. ఇక్కడ భాష అంటున్నది ఇంగ్లీషు గురించి కాదు, క్లినిక్ భాష గురించి.

పళ్ళ నంబర్లతో మొదలుపెట్టండి. మనకి పదహారు, ముప్పై ఆరు అని చెప్పడం అలవాటు. అక్కడ అదే పన్నుని అప్పర్ రైట్ సిక్స్, లోయర్ లెఫ్ట్ సిక్స్ అంటారు. తల్లో అనువాదం చేసుకుంటూ మాట్లాడితే ఒత్తిడిలో కుడి ఎడమలు తారుమారవుతాయి. నా నోట్సు అంతా ఆ పద్ధతిలోకి మార్చి రాసుకున్నాకే నాకు తడబాటు పోయింది. రక్తంలో చక్కెర అక్కడ మిల్లీమోల్స్‌లో చెబుతారు. 4 కంటే తగ్గితే హైపో, అంటే చక్కెర బాగా పడిపోయినట్టు. మనం వాడే మిల్లీగ్రాముల లెక్కలోకి రావాలంటే 18తో గుణించాలి, అంటే 72. హెచ్‌బీఏ1సీ (కొన్ని నెలల సగటు చక్కెర చూపే పరీక్ష) 6.5 శాతం అని మనం అనేది అక్కడ 48.

చిగుళ్ళ పరీక్ష బీపీఈ అనే ప్రాథమిక తనిఖీతో మొదలవుతుంది. నోటిని ఆరు భాగాలుగా తీసుకుని, చివర 0.5 మిల్లీమీటర్ల గుండు, 3.5 నుంచి 5.5 వరకు నల్లటి పట్టీ ఉన్న డబ్ల్యూహెచ్ఓ ప్రోబ్‌ని (కొలిచే సన్నటి పుల్లని) చిగుళ్ళ అంచు వెంట నడిపిస్తారు. పట్టీ మొత్తం కనిపిస్తూ రక్తం వస్తే కోడ్ 1. గార లేదా ప్లాక్ నిలిచే అంచులు ఉంటే 2. పట్టీ సగం మునిగితే 3. పూర్తిగా మాయమైతే 4. ఫర్కేషన్ (పంటి వేళ్ళు విడిపోయే చోటు) తగిలితే పక్కన నక్షత్రం గుర్తు. ఈ కోడ్‌ని బట్టే తర్వాతి అడుగు ఉంటుంది. 7 నుంచి 11 ఏళ్ళ పిల్లల్లో ఆరు ఎంపిక చేసిన పళ్ళకే, 0 నుంచి 2 వరకే కోడ్‌లు వాడతారు. ఇది చదివి వదిలేయకండి. ఒప్పుకునే స్నేహితుల నోట్లో చేసి, అంకెలు పైకి చెబుతూ మరొకరితో రాయించండి.

తర్వాత గైడ్‌లైన్లు. మనం చదివిన పాఠ్యపుస్తకాల మీద అమెరికా ప్రభావం ఎక్కువ. అందువల్ల సరైన సమాధానమే యూకేలో తప్పవుతుంది. ఉదాహరణకి, గుండె కవాటాల సమస్య ఉన్నవాళ్ళకి పన్ను తీసేముందు యాంటీబయాటిక్ ఇవ్వడం మనకి రిఫ్లెక్స్ లాంటిది. అక్కడ వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ మాత్రం 2008 నుంచి దాన్ని అందరికీ మామూలుగా ఇవ్వొద్దంటోంది. ఏ నొప్పీ, జబ్బూ లేని జ్ఞానదంతాన్ని ముందు జాగ్రత్తగా తీసేయొద్దని 2000లోనే చెప్పింది. చెకప్‌కి అందరినీ ఆరు నెలలకి రమ్మనరు. పెద్దవాళ్ళకి రిస్కుని బట్టి 3 నుంచి 24 నెలలు, 18 ఏళ్ళలోపు వాళ్ళకి గరిష్ఠంగా 12 నెలలు. బైట్‌వింగ్ ఎక్స్‌రేలు (వెనక పళ్ళ మధ్య పుచ్చు చూసేవి) కూడా అంతే: కేరీస్, అంటే పుచ్చు రిస్కు ఎక్కువైతే 6 నెలలకి, మధ్యస్థమైతే ఏడాదికి, తక్కువైతే రెండేళ్ళకి. రక్తం పలచబరిచే వార్ఫరిన్ వాడే పేషెంట్ పన్ను తీయాలంటే మందు ఆపించరు. రక్తం గడ్డకట్టే వేగం చూపే ఐఎన్ఆర్ 4 కంటే తక్కువ ఉందో లేదో చూస్తారు. 15 ఏళ్ళలోపు పిల్లలకి, గర్భిణులకి, పాలిచ్చే తల్లులకి తప్పనిసరి వైద్య కారణం ఉంటే తప్ప అమాల్గమ్ (వెండి ఫిల్లింగ్) పెట్టరు. ఈ నిబంధన 2018 జులైలో వచ్చింది.

నివారణ విషయంలో అంకెలు కచ్చితంగా రావాలి. ఆరేళ్ళ వరకు పిల్లల పేస్టులో కనీసం 1,000 పీపీఎం (పది లక్షల్లో వెయ్యి భాగాలు) ఫ్లోరైడ్, ఏడేళ్ళ నుంచి 1,350 నుంచి 1,500. రిస్కు ఎక్కువున్న పదేళ్ళు దాటినవాళ్ళకి 2,800, పదహారు దాటితే 5,000 రాయొచ్చు. మూడేళ్ళ నుంచి పిల్లలందరికీ ఏడాదికి రెండుసార్లు 2.26 శాతం ఫ్లోరైడ్ వార్నిష్ (పళ్ళకి పూసే పూత). తోముకున్నాక ఉమ్మేయాలి, నీళ్ళతో పుక్కిలించకూడదు. ఈ చివరి మాట ఏ పేషెంట్‌కైనా మీ నోటి నుంచి దానంతట అదే రావాలి.

మొదటి భాగం: రాత పరీక్ష

రెండు పేపర్లు, కంప్యూటర్ మీద, ఒక్కోటి మూడు గంటలు. పేపర్ ఏలో డెంటల్ సైన్సెస్, మనిషి జబ్బులు ఉంటాయి, రెండూ క్లినిక్‌కి ముడిపెట్టే అడుగుతారు. పేపర్ బీలో క్లినికల్ డెంటిస్ట్రీ, చట్టం, నైతికత, ఆరోగ్య భద్రత. ప్రశ్నలు రెండు రకాలు. ఉన్నవాటిలో అన్నిటికంటే సరైనది ఎంచేది ఒకటి. ఒకే పొడవాటి జాబితా నుంచి వరుసగా కొన్ని కేసులకి జవాబులు వెతికేది రెండోది, దాన్ని ఈఎంక్యూ అంటారు.

ఈఎంక్యూలో జాబితా ముందు చదివితే మనసు గందరగోళమవుతుంది. జాబితాని చేత్తో మూసినట్టు అనుకుని కేసు చదవండి, మీ జవాబు మనసులో చెప్పుకోండి, తర్వాతే జాబితాలో అది ఉందేమో చూడండి. ఇంట్లో సాధన చేసేటప్పుడు నిజంగానే కాగితంతో మూసి చదవండి.

చదివే విధానంలో నా సలహా: ఒక జబ్బు తీసుకుని, ఆ జబ్బున్న మనిషి మీ చైర్‌లో కూర్చుంటే ఏం మారుతుందో ఒక్క పేజీలో రాయండి. మధుమేహం, ఆస్తమా, మూర్ఛ, కిడ్నీ, లివర్, రక్తం పలచబరిచే మందులు, బిస్ఫాస్ఫొనేట్లు (ఎముకల బలానికి వాడే మందులు), గర్భం. ఇలా ముప్పై పేజీలు రాసుకుంటే పేపర్ ఏలో పెద్ద భాగం మీ చేతిలోకి వస్తుంది, అవే పేజీలు రెండో భాగానికి కూడా పనికొస్తాయి. మందుల మోతాదులకి ఒకే ఆధారం పెట్టుకోండి, అది యూకే మందుల పుస్తకం బీఎన్ఎఫ్.

చట్టం, నైతికత భాగాన్ని చివరి వారానికి వదిలేసేవాళ్ళు చాలామంది. దయచేసి అలా చేయకండి. జీడీసీ 2013లో ఇచ్చిన తొమ్మిది సూత్రాలే మొత్తం పరీక్షకి వెన్నెముక. పేషెంట్ ప్రయోజనం ముందు పెట్టడం, సరిగ్గా మాట్లాడటం, అనుమతి తీసుకోవడం, వివరాలు గోప్యంగా ఉంచడం, ఫిర్యాదుల్ని పద్ధతిగా చూడటం, ఇలా సాగుతాయి. అనుమతి విషయానికొస్తే, 2005 నాటి మెంటల్ కెపాసిటీ చట్టం ప్రకారం మనిషి నాలుగు పనులు చేయగలగాలి: చెప్పింది అర్థం చేసుకోవడం, గుర్తుంచుకోవడం, బేరీజు వేయడం, తన నిర్ణయం తెలియజేయడం. 16 ఏళ్ళలోపు పిల్లలు విషయం పూర్తిగా అర్థం చేసుకోగలిగితే సొంతంగా అనుమతి ఇవ్వొచ్చన్న గిలిక్ తీర్పు 1985లో వచ్చింది. 2015 నాటి మోంట్‌గొమరీ తీర్పు మనకి బాగా కొత్త. డాక్టర్‌కి ఏది ముఖ్యమనిపిస్తే అది చెబితే చాలదు, ఈ పేషెంట్‌కి ఏది ముఖ్యమో ఆ ప్రమాదం చెప్పాలి. పాటలు పాడే మనిషికి, కింది జ్ఞానదంతం తీస్తే నాలుక తిమ్మిరెక్కే అవకాశం ఎంత చిన్నదైనా పెద్ద విషయమే కదా.

చేతి పని: మానికిన్ పరీక్ష

రెండో భాగంలో నాలుగు పరీక్షలు, నాలుగింటిలోనూ పాసవ్వాలి. మానికిన్ మీద చేతి పని, ఓస్కీ స్టేషన్లు (గది గదికీ వెళ్ళి చేసే చిన్న పరీక్షలు), డయాగ్నసిస్ అండ్ ట్రీట్‌మెంట్ ప్లానింగ్, మెడికల్ ఎమర్జెన్సీలు.

మానికిన్ పరీక్షకి ప్లాస్టిక్ పళ్ళ దవడ సెట్టు ఒకటి కొని ఇంట్లో పెట్టుకోండి. క్లినిక్‌లో పనిచేస్తుంటే సాయంత్రం చైర్ ఖాళీగా ఉన్నప్పుడు హ్యాండ్‌పీస్ అడిగి తీసుకోండి. వారానికి రెండు పూటలు చాలు, కానీ ఏడాది పొడుగునా. ప్లాస్టిక్ పన్ను ఎనామెల్ లాగా ఎదురు తిరగదు, బర్ తాకగానే వెన్నలా దిగిపోతుంది. నిజం పళ్ళ మీద వేల కేవిటీలు చేసిన చేయి కూడా మొదట్లో ఎక్కువ కోసేసేది అందుకే.

క్రౌన్ ప్రిపరేషన్ ఒక్కటి దగ్గరగా చూద్దాం. పై ఆరో పన్నుకి ఫుల్ మెటల్ క్రౌన్ అనుకోండి. బర్ పట్టేముందే పుట్టీతో ఇండెక్స్ (పన్ను అచ్చు) తీసి, మధ్యలో కోసి రెండు ముక్కలు చేసి పక్కన పెట్టుకోండి. ఎంత కోశారో తర్వాత చూపించే సాక్ష్యం అదే. పనిచేసే కస్ప్ (నమలడంలో ఒత్తిడి పడే పంటి శిఖరం) మీద 1.5 మిల్లీమీటర్లు, పనిచేయని దాని మీద 1. ముందుగా కొలత తెలిసిన బర్‌తో లోతు చూపే గాడులు తీయండి, ఆ గాడుల మధ్య మిగిలిన దిబ్బల్నే తీసేయండి. కంటితో అంచనా వేస్తూ చదును చేస్తే కస్ప్ వాలు పోతుంది, పైభాగం బల్లలా తయారవుతుంది. మార్జిన్ (ప్రిపరేషన్ అంచు) 0.5 మిల్లీమీటర్ల చాంఫర్ (గుండ్రటి వంపు అంచు), గుండ్రటి కొన ఉన్న బర్‌లో సగం మందమే పంటిలోకి వెళ్ళాలి.

అసలు గండం పక్క పన్ను దగ్గర. నా మొదటి మాక్ పరీక్షలో ఆరో పన్ను ప్రిపరేషన్ ముచ్చటగా వచ్చింది. అద్దంలో చూస్తే ఐదో పన్ను వెనకవైపు చిన్న గీత. ఎగ్జామినర్ నా ప్రిపరేషన్ వంక చూడకుండానే ఆ గీత మీద ప్రోబ్ పెట్టి, "ఈ పన్ను గురించి పేషెంట్‌కి మీరేం చెబుతారు?" అన్నారు. ఆ తర్వాత నేను మార్చుకున్న పద్ధతి ఇది. పళ్ళ మధ్య మెటల్ మ్యాట్రిక్స్ పట్టీ పెట్టడం మొదటిది. సన్నటి సూదిలాంటి డైమండ్‌తో కాంటాక్ట్‌కి లోపలి వైపు నుంచి, ప్రిపేర్ చేస్తున్న పన్ను తాలూకు పలచని గోడ ఒకటి పక్క పన్నుకి అడ్డంగా మిగిలేలా కోయడం రెండోది. బర్ అవతలికి వచ్చేసరికి ఆ గోడ దానంతట అదే విరిగి పడిపోతుంది. పక్క పన్నుకి బర్ అసలు తగలదు. చాంఫర్ బర్ తీసుకోవాల్సింది ఆ తర్వాతే. రెండు నిమిషాలు ఎక్కువ పడుతుంది, ఆ రెండు నిమిషాలు పెట్టండి.

మార్కులు పంటికే కాదు, మీరు కూర్చున్న తీరుకి కూడా ఉంటాయి. గ్లవ్స్, మాస్క్, కళ్ళద్దాలు, వేలి ఆనింపు, మానికిన్ తల నిజం మనిషి తిప్పగలిగినంతే తిప్పడం చూస్తారు. ఇంట్లో దవడని చేత్తో పట్టుకుని సాధన చేస్తే ఇవన్నీ పాడైపోతాయి. టేబుల్ అంచుకి బిగించి, పైపళ్ళని అద్దంలోనే చూస్తూ చేయండి.

మాట: ఓస్కీ

గంట మోగుతుంది, గదిలోకి వెళ్తారు, ఒక నటుడు పేషెంట్‌గా కూర్చుని ఉంటాడు, పక్కన ఎగ్జామినర్. కొన్ని నిమిషాల తర్వాత ఇంకో గది. కొన్ని స్టేషన్లలో ఆల్జినేట్ ముద్ర, కుట్టు, ప్రిస్క్రిప్షన్, ఎక్స్‌రే రిపోర్టు లాంటివి అడుగుతారు. అవి సాధనతో వచ్చేస్తాయి. కష్టం మాట దగ్గరే.

ఒక స్టేషన్ చూడండి. 58 ఏళ్ళ మనిషి, సిగరెట్లు తాగుతారు, నాలుక పక్కన ఐదు వారాలుగా పుండు. మీరు పరీక్షించడం అయిపోయింది, ఇక వివరించాలి. మనకి అలవాటైన తీరు ఇలా ఉంటుంది: "ఏం కంగారు పడకండి, ఏం కాదు. పెద్దాసుపత్రికి రాస్తున్నాను, అక్కడ బయాప్సీ చేస్తారు." ఇందులో దురుద్దేశం లేదు, ధైర్యం చెప్పాలనే తపనే ఉంది. కానీ మనకి తెలియని విషయంలో ఏం కాదని మాటిచ్చేశాం. పేషెంట్ ఏమనుకుంటున్నారో అడగలేదు. బయాప్సీ అంటే ఏమిటో చెప్పలేదు.

అదే స్టేషన్ ఇలా నడవాలి. "ఈ పుండు ఏమై ఉంటుందని మీకు అనిపిస్తోంది?" అని అడిగి ఆగండి. ఆయన నేల చూపులు చూస్తూ, "మా నాన్నకి గొంతు క్యాన్సర్, డాక్టర్. ఇది కూడా అదేనా?" అంటారు. మీరు వెంటనే జవాబివ్వకుండా ఒక్క క్షణం ఉండండి. "మీరు అంత భయాన్ని మోస్తూ ఇక్కడిదాకా వచ్చారు, అడిగినందుకు మంచిదైంది. ఇది ఏమిటో చూసి మాత్రమే నేను చెప్పలేను. ఇలాంటి పుండ్లకి చాలా కారణాలుంటాయి, వాటిలో క్యాన్సర్ కూడా ఒకటి. మూడు వారాలు దాటినా మానలేదు కాబట్టి మిమ్మల్ని అత్యవసరంగా ఆసుపత్రికి పంపుతున్నాను. అక్కడ కొంచెం మత్తు ఇచ్చి చిన్న ముక్క తీసి పరీక్షిస్తారు. ఆ రోజు మీతో ఎవరైనా రాగలరా?" నిజం చెప్పారు, భయపెట్టలేదు, తర్వాత ఏం జరుగుతుందో చెప్పారు, ఒంటరిగా వదల్లేదు. సిగరెట్ గురించి ఉపన్యాసం ఈ రోజు వద్దు. "మానాలని ఎప్పుడైనా అనుకుంటే సాయం చేసేవాళ్ళున్నారు" అంటే చాలు.

ఇదంతా ఇంగ్లీషులో, అది కూడా కష్టమైన పదాలు లేకుండా రావాలి. మనం ఇంగ్లీషులో డెంటిస్ట్రీ చదివాం కానీ ఇంగ్లీషులో పేషెంట్‌ని ఓదార్చలేదు. అందుకని డెంటిస్ట్రీతో సంబంధం లేని ఒక స్నేహితుణ్ణో స్నేహితురాలినో పేషెంట్‌గా కూర్చోబెట్టండి. అర్థంకాని మాట వినగానే చేయి ఎత్తమని చెప్పండి. "పల్ప్", "రిస్టోరేషన్", "ప్రోగ్నోసిస్" అన్న ప్రతిసారీ చేయి లేస్తుంది. వారానికి మూడు కేసులు, ఫోన్‌లో రికార్డు చేసి వినండి. ఎన్నిసార్లు పేషెంట్ మాటకి అడ్డుపడ్డారో లెక్కపెట్టండి.

సాధన చేయాల్సిన మిగతా సందర్భాలు: కోపంగా ఉన్న పేషెంట్ ఫిర్యాదు, రూట్ కెనాల్‌లో ఫైల్ విరిగిందని చెప్పడం, పిల్లవాడి ఒంటి మీద అనుమానం కలిగించే గాయాలు, తాగి పనికొచ్చిన సహోద్యోగి, ఇంజెక్షన్ అంటే భయపడేవాళ్ళు.

ట్రీట్‌మెంట్ ప్లానింగ్

ఇక్కడ పేషెంట్ నుంచి హిస్టరీ తీసుకుని, కావాల్సిన పరీక్షలు అడిగి, ఎగ్జామినర్ల ముందు ప్లాన్ వినిపించాలి. ఎక్స్‌రే ఎందుకు కావాలో కారణం చెప్పకుండా అడగొద్దు. 2017 నాటి రేడియేషన్ నిబంధనల ప్రకారం ప్రతి ఎక్స్‌రేకీ సమర్థన ఉండాలి. ప్లాన్ వరుస ఎప్పుడూ ఒకటే: ముందు నొప్పి, తర్వాత నివారణ, జబ్బు అదుపు, ఆగి మళ్ళీ చూడటం, ఆపైనే క్రౌన్లు, బ్రిడ్జులు, చివరగా రీకాల్. చిగుళ్ళు నెత్తురోడుతుంటే మొదటి రోజే బ్రిడ్జి గురించి మాట్లాడితే ఎంత బాగా మాట్లాడినా ఒప్పుకోరు. ప్రతి సమస్యకీ "ఏమీ చేయకపోవడం" కూడా ఒక ఎంపికగా, దాని ఫలితంతో సహా చెప్పండి.

మెడికల్ ఎమర్జెన్సీలు

దీనికి దయాదాక్షిణ్యాలుండవు, ఉండకూడదు కూడా. ఏ ఎమర్జెన్సీ చెప్పినా జవాబు ఏబీసీడీఈతోనే మొదలవ్వాలి: శ్వాసదారి, శ్వాస, రక్తప్రసరణ, స్పృహ, ఒళ్ళంతా చూడటం. సాయం పిలవడం, అక్కడి అత్యవసర నంబరు 999కి ఫోన్, నిమిషానికి 15 లీటర్ల ఆక్సిజన్. ఆ తర్వాత మందు.

పెద్దవాళ్ళకి అనఫిలాక్సిస్ (ప్రాణాపాయమైన అలెర్జీ) అయితే 1:1000 అడ్రినలిన్ 0.5 మిల్లీలీటర్లు తొడ కండరంలోకి, తగ్గకపోతే ఐదు నిమిషాలకి మళ్ళీ. 6 నుంచి 12 ఏళ్ళ వాళ్ళకి 300 మైక్రోగ్రాములు, 6 నెలల నుంచి 6 ఏళ్ళ వరకు 150. ఛాతీ నొప్పికి జీటీఎన్ (గ్లిసరిల్ ట్రైనైట్రేట్) స్ప్రే నాలుక కింద, ఒక్కో స్ప్రే 400 మైక్రోగ్రాములు. గుండెపోటు అనిపిస్తే యాస్పిరిన్ 300 మిల్లీగ్రాములు నమిలించాలి. ఫిట్స్ ఐదు నిమిషాలు దాటితే మిడజోలం 10 మిల్లీగ్రాములు బుగ్గలో. చక్కెర పడిపోయి స్పృహ తప్పితే గ్లూకగాన్ 1 మిల్లీగ్రాము కండరంలోకి, స్పృహలో ఉంటే నోటి ద్వారా గ్లూకోజ్. ఆస్తమాకి సాల్బుటమాల్ ఇన్‌హేలర్, స్పేసర్ (ఇన్‌హేలర్‌కి తగిలించే గొట్టం)‌తో. గొంతుకి ఏదైనా అడ్డుపడితే వీపు మీద ఐదు దెబ్బలు, తర్వాత పొట్ట మీద ఐదు నొక్కులు.

సీపీఆర్ చేసి చూపించాలి: 30 నొక్కులకి 2 ఊపిరులు, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతు, నిమిషానికి 100 నుంచి 120. దిండు మీద సాధన చేస్తే లోతు తెలియదు. ఏదైనా శిక్షణ కేంద్రంలో అసలైన బొమ్మ మీద రెండుమూడుసార్లు చేయండి. రెండు నిమిషాలకే చేతులు లాగేస్తాయి, ఆ అలసట ముందే తెలిసుండాలి.

లండన్‌లో ఆ రోజుల్లో

కనీసం మూడు రోజులు ముందు చేరుకోండి. నిద్ర సమయం సర్దుకోకుండా హ్యాండ్‌పీస్ పట్టొద్దు. వీలైతే అక్కడే రెండు రోజుల మానికిన్ ప్రాక్టీస్ పెట్టుకోండి, ఆ చైర్లు, ఆ లైటు ముందే అలవాటవుతాయి. పరీక్షలో ఒక స్టేషన్ పాడైతే తలుపు దగ్గరే దాన్ని వదిలేయండి. తర్వాతి గదిలో ఎగ్జామినర్‌కి ఆ సంగతి తెలియదు.

పాసయ్యాక

రెండో భాగం ఫలితం రాగానే జీడీసీ రిజిస్ట్రేషన్‌కి దరఖాస్తు. దాంతో ప్రైవేట్‌గా పనిచేయొచ్చు. ఎన్‌హెచ్‌ఎస్ (ప్రభుత్వ ఆరోగ్య సేవ) పేషెంట్లని చూడాలంటే పెర్ఫార్మర్స్ లిస్టులో, అంటే ఆ సేవలో పనిచేయడానికి అనుమతి ఉన్నవాళ్ళ జాబితాలో పేరుండాలి, కొత్తగా వచ్చినవాళ్ళు అందుకోసం కొంతకాలం పర్యవేక్షణలో పనిచేయాల్సి ఉంటుంది. ఆ పోస్టు ఇచ్చే ప్రాక్టీసులు ఎప్పుడూ సరిపడా ఉండవు కాబట్టి రెండో భాగం తేదీ ఖరారైన రోజు నుంచే అడగడం మొదలుపెట్టండి. లండన్ చుట్టుపక్కలే వెతకకండి, చిన్న ఊళ్ళలో అవసరం ఎక్కువ, నేర్పించే ఓపిక కూడా ఎక్కువ. ఇండెమ్నిటీ (పొరపాటు జరిగితే పరిహారం ఇచ్చే బీమా లాంటి రక్షణ) లేకుండా ఒక్క పేషెంట్‌ని కూడా తాకొద్దు, అది చట్టం. ఐదేళ్ళలో 100 గంటల సీపీడీ (వృత్తిలో కొనసాగే శిక్షణ) చూపించాలి, ఆ ఫైలు మొదటి నెలలోనే తెరవండి. రిజిస్ట్రేషన్ ఫీజు ప్రతి ఏడాది డిసెంబర్ 31లోపు కట్టాలి. ఆ తేదీ మర్చిపోయి రిజిస్టర్ నుంచి పేరు పోతే మళ్ళీ చేర్చేదాకా పనిచేయడానికి వీల్లేదు, అందుకే ఫోన్‌లో డిసెంబర్ 1కే అలారం పెట్టుకోండి.